నోరు మెదపడం లేదంటే ప్రశ్న మార్చి చూడండి

"మీ కులం మీ మానసిక ఆరోగ్యంపై ప్రభావం చూపుతోందా?" అని అడిగితే హాస్టల్ విద్యార్థులు "అలాంటిదేమీ లేదండీ" అని లేచి వెళ్లిపోతున్నారని రాశారు. అంతమాత్రాన మీ ఎంఏ పరిశోధన అంశం వదులుకోకండి.

హాస్టల్లో చేరిన మొదటి రోజు గురించి చెప్పమనండి. "నీ ర్యాంకు ఎంత?" అని ఎవరు అడిగారు, చెప్పగానే అడిగినవారి ముఖం ఎలా మారింది, ఆ రాత్రి భోజనానికి ఎవరి పక్కన కూర్చున్నారు? చాలాచోట్ల ర్యాంకు అడగడమంటే కులం అడగడమే. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్ష గురించి 2007లో థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక తప్పక చదవండి. వెలి హాస్టల్ గదుల దాకా ఎలా పాకిందో తెలుస్తుంది.

వారు "డిప్రెషన్" అనే మాట వాడకపోవచ్చు. "తల బరువుగా ఉంటోంది", "అన్నం సయించడం లేదు", "తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తోంది" అంటారు. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టే రాసుకోండి. వాటిని పాఠ్యపుస్తకాల భాషలోకి మార్చారంటే సగం విషయం పోయినట్టే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9 వాడుతుంటే, అందులో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. ఎవరైనా అవునంటే ఆ క్షణంలో ఏం చేయాలో మీ గైడ్‌తో ముందే మాట్లాడుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితంపై రాసి, అవునన్నవారికే కాదు, మాట్లాడిన ప్రతి ఒక్కరికీ ఇవ్వండి.