నిష్పత్తి లెక్కల్లో మొదటి వరుస

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లెక్కలన్నీ చూశాను. కూడికలు, గుణకారాలు ఎక్కడా తప్పలేదు. చిక్కంతా మొదటి వరుసలోనే ఉంది. నిష్పత్తి 3:5 అని చదవగానే ఆ సంఖ్యలు 3, 5 అని రాసేస్తున్నావు. అవి 6, 10 కావచ్చు, 30, 50 కూడా కావచ్చు. మొదటిదాంట్లో మూడు భాగాలుంటే రెండోదాంట్లో అలాంటివే ఐదు ఉన్నాయని చెప్పి నిష్పత్తి ఊరుకుంటుంది. ఒక్కో భాగం ఎంతో చెప్పదు. ఆ తెలియని భాగాన్ని 'క' అనుకో. మీ పుస్తకంలో ఎక్స్ అని ఉంటుంది, ఏ అక్షరమైనా ఒకటే. ఇక ఆ సంఖ్యలు 3క, 5క.

ఇంత రాస్తే సగం లెక్క అయిపోయినట్టే. మొత్తం 72 అన్నారా, 8క = 72, క = 9, సంఖ్యలు 27, 45. మొత్తం బదులు తేడా 18 అని ఇచ్చినా 2క = 18, మళ్ళీ అదే జవాబు. లెక్కలో ఉన్న మాటను ఉన్నట్టుగా గుర్తుల్లో పెట్టడమే మన పని. వేరే సూత్రమేమీ బట్టీ పట్టక్కర్లేదు.

నిన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది నిష్పత్తి మారే లెక్క. 3:5 నిష్పత్తిలో ఉన్న రెండు సంఖ్యలకూ 4 చొప్పున కలిపితే 2:3 అవుతుంది, ఆ సంఖ్యలేవి అని కదా అడిగారు. నువ్వు 3క + 4 = 2క అని రాశావు. క విలువ −4 వచ్చేసరికి ఆగిపోయావు. ఆగడం మంచిదే, ఏదో తేడా ఉందని పట్టుకున్నావు. ఆ తేడా ఎక్కడంటే, పాత నిష్పత్తిలోని ఒక భాగమూ కొత్త నిష్పత్తిలోని ఒక భాగమూ సమానం కానక్కర్లేదు. రెండింటికీ ఒకే 'క' వాడకూడదు. కొత్త నిష్పత్తిని భిన్నంగా రాయి:

(3క + 4)/(5క + 4) = 2/3

అడ్డగుణకారం చేస్తే 3(3క + 4) = 2(5క + 4). ఇక్కడ బ్రాకెట్లు వదలకు. బయటి 3 లోపలి 4ను కూడా గుణించాలి, చాలామంది జారిపోయేది ఇక్కడే. 9క + 12 = 10క + 8, కాబట్టి క = 4. ఇది ఇంకా జవాబు కాదు, అడిగింది సంఖ్యలు: 12, 20. నాలుగేసి కలిపితే 16, 24, అంటే 2:3. సరిపోయింది. పాత భాగం 4, కొత్త భాగం 8, చూశావా? వయసుల లెక్కలూ ఇంతే. ఎన్నేళ్ళు గడిచినా ఇద్దరికీ కలిసేది ఒకే సంఖ్య.

మూడు రాశులొస్తే ఉమ్మడిగా ఉన్నదాన్ని ముందు సమం చెయ్యి. అ:ఆ = 2:3, ఆ:ఇ = 4:5 అయితే 'ఆ'ను రెండు చోట్లా 12 చేస్తే 8:12:15 వస్తుంది. కొలతలు వేరుగా ఉంటే ఒకే కొలతలోకి మార్చాకే నిష్పత్తి రాయి. 2 గంటలకూ 40 నిమిషాలకూ నిష్పత్తి 3:1.

ఇప్పుడు ఇది చెయ్యి: రెండు సంఖ్యల నిష్పత్తి 7:4. రెండింట్లోంచీ 6 తీసేస్తే 2:1 అవుతుంది. సరిచూసిన వరుసతో సహా రాసి పంపు.

నీ మామయ్య