మెడ గడ్డ రిపోర్టులో ‘నియోప్లాసియా’ అని ఉంటే క్యాన్సరేనా?

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్లు. మెడకు కుడివైపు రేగుపండంత గడ్డ రెండు నెలలైనా తగ్గకపోతే, టీబీ ఏమోనని సర్జన్ దాన్ని తీసి బయాప్సీకి పంపారు. టీబీ లేదన్నారు. కానీ రిపోర్టు చివర ‘ఇన్ సిటూ ఫాలిక్యులర్ నియోప్లాసియా’ అని ఉంది. నెట్‌లో వెతికితే లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అని వస్తోంది. డాక్టరేమో మందులేవీ అక్కర్లేదు, చూస్తూ ఉందాం అంటున్నారు. క్యాన్సర్ పెట్టుకుని చూస్తూ కూర్చోవడమేంటి? అమ్మకు ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ డాక్టర్ సరిగ్గానే చెప్పారు. అమ్మకు ఇప్పుడు కీమో అక్కర్లేదు. అయితే ‘చూస్తూ ఉందాం’ అనే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. దాని గురించి కింద చెబుతాను.

ముందు రిపోర్టులో ఆ మాట ఎందుకు వచ్చిందో చూడండి. అమ్మకు తీసిన గడ్డ ఒక లింఫు గ్రంథి. అందులో ఫాలికిల్స్ అని కణాల గుండ్రటి గుంపులుంటాయి. వాటి నడిమి భాగంలో బి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) తయారీలో ఉంటాయి. అక్కడ పనికిరాని కణాలు చచ్చిపోవాలి. అందుకే కణాన్ని చావకుండా కాపాడే బీసీఎల్-2 అనే ప్రొటీన్ అక్కడ మామూలుగా ఉండదు. ల్యాబ్‌లో ఆ ప్రొటీన్‌కు గోధుమ రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద పెడితే, ఆరోగ్యంగా ఉన్న ఫాలికిల్ అచ్చం గారెలా కనిపిస్తుంది. చుట్టూ గోధుమ రంగు, మధ్యలో తెల్లటి చిల్లు. మీ అమ్మగారి గ్రంథిలో కొన్ని గారెలకు ఆ చిల్లు పూడిపోయి, నడిమి భాగమే అంచుకన్నా ముదురు రంగులో ఉండి ఉంటుంది. గ్రంథి అల్లిక మాత్రం చెదరలేదు, కణాలు ఫాలికిల్ దాటి బయటికి రాలేదు. ‘ఇన్ సిటూ’ అంటే అదే, ఉన్నచోటే ఉన్నాయని.

ఇలా ఎందుకవుతుందంటే, 14, 18 నంబర్ల క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారిపోతాయి. దాంతో బీసీఎల్-2 స్విచ్ ఆగకుండా ఆన్‌లోనే ఉంటుంది. ఫాలిక్యులర్ లింఫోమాలో ఎక్కువ మందికి మొదట జరిగేదీ ఇదే కాబట్టి నెట్ మిమ్మల్ని నేరుగా అక్కడికి తీసుకెళ్లింది. కానీ బాగా సున్నితమైన పరీక్ష చేస్తే, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో చాలామంది రక్తంలో కూడా ఇలాంటి కణాలు కొన్ని దొరుకుతాయి. వాళ్లలో దాదాపు అందరూ లింఫోమా ముఖం చూడకుండానే జీవితం గడిపేస్తారు. ఈ ఒక్క మార్పుతో క్యాన్సర్ రాదు. దాని మీద ఇంకా కొన్ని జన్యు మార్పులు పడాలి.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీని పేరు ‘ఫాలిక్యులర్ లింఫోమా ఇన్ సిటూ’. ఆ పేరు చూసి రోగులే కాదు, కొందరు డాక్టర్లూ కంగారుపడేవారు. 2016 సవరణలో లింఫోమా అన్న మాట తీసేసి నియోప్లాసియా (కణాలు అసాధారణంగా పెరగడం) అని పెట్టారు. నన్నడిగితే నియోప్లాసియా కూడా భయపెట్టే మాటే!

ఇక తేల్చుకోవాల్సిన సంగతి. కొందరిలో ఈ మార్పు ఒక గ్రంథిలో కనిపించే సమయానికే ఒంట్లో ఇంకోచోట అసలు లింఫోమా ఉంటుంది. అందుకని మెడ, చంకలు, గజ్జలు, ప్లీహం డాక్టర్ చేత్తో చూడాలి. రక్త పరీక్ష, ఎల్‌డీహెచ్ (రక్తంలో ఒక ఎంజైమ్ పరీక్ష), ఒకసారి సీటీ గానీ పెట్-సీటీ గానీ చేయించాలి. దీంతోపాటు ల్యాబ్ నుంచి స్లైడ్లు, గ్రంథి ముక్కలున్న మైనపు బ్లాకులు తీసుకుని రక్త క్యాన్సర్లు చూసే పాథాలజిస్టుకు ఒకసారి చూపించండి. గ్రంథిలో కొంత భాగానికి నిజంగానే లింఫోమా పాకి ఉంటే అది వేరే లెక్క, రిస్క్ ఎక్కువ. ఈ తేడా సూది పరీక్షలో తెలియదు. మీ సర్జన్ గ్రంథి మొత్తం తీయడం మంచిదైంది.

ఎక్కడా ఏమీ లేదని తేలితే, తర్వాత లింఫోమాగా మారేది సుమారు నూటికి ఐదుగురిలో, అంతకన్నా తక్కువే. అదీ ఏళ్ల మీద. అసలు ఫాలిక్యులర్ లింఫోమాయే ఉండి లక్షణాలేవీ లేకపోయినా, చాలామందికి మేం మందు మొదలుపెట్టకుండా గమనిస్తూనే ఉంటాం. ముందే కీమో ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు. అలాంటప్పుడు దీనికి మందెందుకు?

    

మొదట్లో ఆర్నెల్లకోసారి డాక్టర్‌కు చూపించి రక్త పరీక్ష చేయిస్తే చాలు. ఊరికే స్కాన్ల మీద స్కాన్లు వద్దు. నొప్పి లేకుండా కొత్త బిళ్ల కట్టి పెరుగుతున్నా, కారణం లేకుండా 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తూపోతూ ఉన్నా, రాత్రిళ్లు జాకెట్టు మార్చుకోవాల్సినంతగా చెమటలు పట్టినా, ఆర్నెల్లలో ఒంటి బరువులో పదో వంతు తగ్గినా గడువు దాకా ఆగకండి.

అమ్మకు చెప్పేయండి. బిళ్ల కట్టిందా, చెమటలు పడుతున్నాయా అన్నది మీకన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది. ‘గడ్డ తీసేశారు, టీబీ లేదు, క్యాన్సర్ కాదు, కానీ అప్పుడప్పుడు చూపించుకోవాలట’ అంటే సరిపోతుంది.