లెక్కల టీచరు పరిశోధన వైపు వెళ్లాలంటే

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఎమ్మెస్సీ, బీఈడీ చేశాను. పిల్లలు లెక్కలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించాలనీ, పాఠ్యపుస్తకాలూ శిక్షణల విషయంలో నా మాటకూ చోటుండాలనీ కోరిక. పీహెచ్‌డీ గణితంలో చేయాలా, ఎడ్యుకేషన్‌లోనా? ఉద్యోగం మానాలా?
– ఒక ఉపాధ్యాయిని, కావలి

జవాబు: ఎడ్యుకేషన్‌లోనే చేయండి. చాలా యూనివర్సిటీలు ఇందుకు ఎంఈడీ గానీ ఎంఏ ఎడ్యుకేషన్ గానీ అడుగుతాయి. ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ కేంద్రం ఎమ్మెస్సీ వాళ్లనీ తీసుకుంటుంది.

ఉద్యోగం మాత్రం వదలొద్దమ్మా. మీ పరిశోధనకు ముడిసరుకంతా మీ తరగతిలోనే ఉంది. యూజీసీ 2022 నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి వీలుంది. కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 ఏళ్లలోపు పూర్తిచేయాలి. మహిళలకు అదనపు గడువుంది. మీ శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం)లో మూడు విషయాలు రాయించుకోండి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి, విధుల మధ్య చదువుకు తగిన సమయం దొరుకుతుందన్న మాట, అవసరమైతే కోర్సువర్కుకు (పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన తరగతులకు) రిలీవ్ చేస్తామన్న హామీ. ఉత్త ‘అభ్యంతరం లేదు’తో వెళ్తే అడ్మిషన్ దగ్గర చిక్కొస్తుంది.

అప్లికేషన్ కంటే ముందు మంచి ప్రశ్న కావాలి. ‘గణితంపై విద్యార్థుల వైఖరి’ లాంటి టాపిక్ ఎటూ తేలదు. ఆరో తరగతికి 8 + 4 = □ + 5 ఇచ్చి చూడండి. రావాల్సింది 7. కానీ కొందరు 12 రాస్తారు, కొందరు 17. మొదటివాళ్లకు ‘=’ అంటే ‘ఇక జవాబు రాయి’ అని. రెండోవాళ్లు కనిపించిన అంకెలన్నీ కూడేశారు. తప్పు రాసిన అయిదారుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, ‘ఎట్టా చేశావో చెప్పు నాయనా’ అని అడిగి రికార్డు చేయండి. ‘ఎందుకు తప్పు చేశావు’ అంటే నోరు విప్పరు. మధ్యలో పాఠం చెప్పకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం. మీరు సరిదిద్దాక వాళ్లు చెప్పేదంతా మీ ఆలోచనే అవుతుంది. హెడ్మాస్టర్, తల్లిదండ్రుల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి, పిల్లల పేర్లు మార్చండి.

అమెరికాలో డెబొరా బాల్ ప్రాథమిక పాఠశాల టీచరుగా మొదలయ్యారు. 1989–90లో మూడో తరగతికి లెక్కలు చెబుతూ, ఏడాది పొడుగునా పాఠాల రికార్డులు, పిల్లల నోటుబుక్కులు, తన డైరీ భద్రపరిచారు. ‘6లో మూడు రెళ్లున్నాయి, మూడేమో బేసి, కాబట్టి 6 సరీ అవుతుంది, బేసీ అవుతుంది’ అని ఒక పిల్లవాడంటే, కొట్టిపారేయకుండా తరగతి మొత్తాన్నీ వాదించనిచ్చారు. అలాంటి మాటలో గణితాన్ని పట్టుకోవడానికి టీచరుకు ప్రత్యేకమైన గణిత జ్ఞానం కావాలన్నది ఆమె పరిశోధన సారం. 2005 నుంచి 2016 దాకా మిషిగన్ యూనివర్సిటీ విద్యా విభాగానికి డీన్‌గా ఉన్నారు. జాతీయ గణిత సలహా సంఘంలోనూ పనిచేశారు.

మీకు మొదటి మెట్టు స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. తర్వాత పల్లిపాడులో ఉన్న మీ జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్), ఆపైన రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ). ఎక్కడికెళ్లినా రెండు పేజీల నోటు పట్టుకెళ్లండి: ఏ అధ్యాయం, ఏ లెక్క, పిల్లలేం రాశారు, ఎందుకలా రాశారు, పుస్తకంలో ఏ వాక్యం ఎలా మారాలి. ‘పుస్తకం బాగాలేదు’ అంటే ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న: ఒక సెక్షన్‌కు కొత్త పద్ధతిలో చెప్పి, రెండో సెక్షన్‌తో మార్కులు పోలిస్తే చాలదా?
– లెక్కల మాస్టారు, పొదిలి

జవాబు: చాలదండీ. కొత్త పద్ధతి మీద మీకున్న ఉత్సాహం ఆ సెక్షన్‌కే అందుతుంది, ప్రశ్నపత్రమూ తెలియకుండానే అటే మొగ్గుతుంది. మొదలెట్టక ముందే రెండు సెక్షన్లకూ ఒకే పరీక్ష పెట్టండి. చివరి పేపరు మరో స్కూలు టీచరుతో తయారుచేయించి, ఏ జవాబుపత్రం ఏ సెక్షన్‌దో తెలియకుండా ఆయన చేతే దిద్దించండి. ఆరు వారాలాగి, ముందు చెప్పకుండా ఇంకో పరీక్ష పెట్టండి. అప్పటికి తేడా మిగిలుంటే రాయడానికి విషయం ఉన్నట్టు.