కళ్లద్దాలు మార్చినా చూపు తగ్గుతోంది

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లు. ఏడాదిలో రెండుసార్లు కళ్లద్దాలు మార్చినా బోర్డు మీది అక్షరాలు కనబడటం లేదంటున్నాడు. ఎదుటివారి ముఖం చూడాలంటే కళ్లు పైకి తిప్పుతున్నాడు. కంటి డాక్టరు రెటీనా (కంటి వెనుక వెలుగును గ్రహించే పొర) దెబ్బతింటోందని, బ్యాటెన్ వ్యాధి కావచ్చునని అనుమానించి జన్యు పరీక్ష రాశారు. అది మెదడు జబ్బు అంటున్నారు. మెదడు జబ్బుకు చూపు తగ్గడమేమిటి? ఆ పరీక్ష అవసరమా? వాడి చెల్లెలికీ వస్తుందా?

జవాబు: రెటీనా కంటిలో ఉన్నా, పిండదశలో అది మెదడు నుంచే రూపొందుతుంది. మన కణాల్లో పోగయ్యే వ్యర్థాలను లైసోజోములనే సూక్ష్మమైన సంచులు విడగొట్టి తొలగిస్తుంటాయి. జన్యులోపం వల్ల ఆ పని కుంటుపడితే వ్యర్థాలు పేరుకుని, జీవితాంతం పనిచేయాల్సిన నాడీకణాలు మెదడులోనూ రెటీనాలోనూ నశిస్తాయి. సీఎల్ఎన్3 జన్యువు వల్ల వచ్చే బ్యాటెన్ వ్యాధిలో సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య చూపు తగ్గడమే తొలి లక్షణం. మూర్ఛలు, మతిమరుపు, నడకలో తడబాటు ఆ తర్వాతి సంవత్సరాల్లో కనిపిస్తాయి. ముందుగా పోయేది నడిమి చూపు కనుక, మిగిలిన రెటీనాతో చూడటానికి పిల్లలు కళ్లు పక్కకో పైకో తిప్పుతారు. దయచేసి ఆ అలవాటు మానమని మందలించకండి.

ఇలా లైసోజోముల పని కుంటుపడి వచ్చే జబ్బులన్నీ కంటిలో ఒకేలా కనబడవు. 1881లో వారెన్ టే అనే బ్రిటిష్ కంటి వైద్యుడు మొదట వర్ణించిన టే-శాక్స్ వ్యాధిలో, రెటీనా నడిమి చుట్టూ ఉన్న కణాలు కొవ్వు పదార్థంతో ఉబ్బి తెల్లబడతాయి. ఆ కణాలు లేని నడిమి గుంట మాత్రం చెర్రీ పండులా ఎర్రగా నిలుస్తుంది. నీమన్-పిక్ వ్యాధి సి రకంలో రెటీనా బాగానే ఉన్నా కళ్లను పైకీ కిందికీ చురుగ్గా తిప్పలేకపోవడం వల్ల మెట్లు దిగడం కష్టమవుతుంది.

పరీక్ష తప్పక చేయించండి. స్టార్‌గార్ట్ వంటి, రెటీనాకే పరిమితమై మెదడును తాకని జబ్బులు కూడా తొలిదశలో ఇలాగే కనిపిస్తాయి కాబట్టి, ఏది అన్నది తేలితేనే ముందున్న సంవత్సరాలకు సిద్ధపడగలరు. రెటీనా స్పందనను కొలిచే ఈఆర్‌జీ, తెల్లరక్తకణాల్లో బుడగల్లాంటి ఖాళీలను మైక్రోస్కోపు కింద చూసే రక్తపరీక్ష కూడా నిర్ధారణకు తోడ్పడతాయి.

దాచకుండా చెప్పాలి: సీఎల్ఎన్3 రకాన్ని ఆపగలమని రుజువైన మందు లేదు. బ్యాటెన్‌లోనే మరో జన్యువు వల్ల వచ్చే సీఎల్ఎన్2 రకానికి 2017లో అమెరికాలో ఆమోదం పొందిన ఎంజైమ్ చికిత్స ఉంది గానీ, మెదడు ద్రవంలోకి ఎక్కించే ఆ మందు చూపు పోవడాన్ని ఆపదు. మూర్ఛలకు మాత్రం మందులున్నాయి.

తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో లోపభూయిష్ట జన్యువు ఉంటే, ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పాపకు పరీక్ష ఎప్పుడు, ఎలా అన్నది జన్యు సలహాదారుతో మాట్లాడాకే నిర్ణయించుకోండి.

ఫలితం కోసం ఆగకుండా ఇవాళే చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. బాబుది అశ్రద్ధ కాదని టీచరుకు వివరించి, ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. పెద్ద అక్షరాల పుస్తకాలు, ఆడియో పాఠాలు ఇప్పించండి. సీఎల్ఎన్3 అని తేలితే బ్రెయిలీని వాయిదా వేయకండి, కొత్తవి నేర్చుకునే శక్తి బాగున్న కాలం ఇదే.