పలకరాయి మీద కాలు నిలవాలంటే

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అక్టోబరులో రెండు వారాలు జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ద్రాక్ష కోతకు వెళ్తున్నావట. అక్కయ్య ఫోన్ చేసి "చదువుకోమని పంపితే కూలికి పోతానంటున్నాడు, నువ్వైనా చెప్పరా" అంది. చెప్తాను కానీ, వద్దని కాదు. కోబ్లెంజ్‌లో చదివిన రోజుల్లో నేనూ నాలుగేళ్లు వరసగా వెళ్లినవాణ్ణే.

ముందు బూట్ల సంగతి. బ్రెమ్ ఊరి పక్కనున్న కాల్మోంట్ కొండ యూరప్‌లోనే బాగా నిటారుగా ఉండే ద్రాక్షతోట. కొన్నిచోట్ల వాలు 60 డిగ్రీల దాకా ఉంటుంది. ఊరికే చూడ్డానికి వచ్చేవాళ్లకే అక్కడక్కడా ఇనప నిచ్చెనలు, తాళ్లు బిగించారు. కింద ఉండేది మట్టి కాదు, పలకరాయి ముక్కలు. మార్కాపురంలో తాతయ్య ఇంటి వెనక పలకల గనుల చెత్తగుట్టలు గుర్తున్నాయా? వాటి మీద జారి నువ్వు మోకాలు చీరుకున్నావు. అదే రాయి, కాకపోతే ఇక్కడ కింద నది. స్పోర్ట్స్ షూస్ పనికిరావు. చీలమండ దాకా పట్టుకునే బూట్లు కావాలి.

దిగేటప్పుడు ఎదురుగా చూస్తూ దిగకు, పక్కకు తిరిగి దిగు. పాత తోటల్లో ఒక్కో తీగకు ఒక్కో గుంజ పాతి, కొమ్మల్ని రెండు వైపులా వంచి గుండె ఆకారంలో కట్టి ఉంచుతారు. పట్టుకోవాల్సొస్తే గుంజనే పట్టుకో, అదీ ఒకసారి కదిపి చూసి. పుచ్చిన గుంజలు చాలా ఉంటాయి. బకెట్ ఎప్పుడూ నీకు పైవైపునే పెట్టుకో. ఒకసారి నాది దొర్లితే రెండు గంటల కష్టం కింద రోడ్డు మీద కనిపించింది. ఎవరికీ సరిగ్గా కింద నిలబడకు, రాళ్లు దొర్లుతాయి.

పొద్దున్న పొగమంచు, వేళ్లు కొంకర్లు పోయే చలి. ఎండ వచ్చిందంటే మధ్యాహ్నానికి చొక్కా తడిసిపోతుంది. అందుకని ఒక్క మందపాటి కోటు కంటే పల్చటివి మూడు వేసుకో. సాయంత్రం ఎండ పోయాక ఒకసారి రాయి మీద అరచెయ్యి పెట్టి చూడు, వెచ్చగానే ఉంటుంది. అక్కడి రీజ్లింగ్ అనే వైన్ ద్రాక్ష ఆలస్యంగా పండే రకం. ఇంత ఉత్తరాన అది పండడానికి పెద్ద కారణం ఆ వెచ్చదనమే. దక్షిణానికి తిరిగిన వాలు కాబట్టి ఎండ నేరుగా తగులుతుంది, రాత్రికి రాయి దాన్ని కొంచెం కొంచెంగా తిరిగి ఇస్తుంది. వాననీళ్లు నిలవవు కాబట్టి వేళ్లు రాతి పగుళ్లలోకి దిగుతాయి. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురదే ఆ రాయి! పందొమ్మిదో శతాబ్దంలో వేళ్లను తినే పురుగు యూరప్ తోటల్ని నాశనం చేస్తే, దాన్ని తట్టుకునే అమెరికా తీగల వేళ్లకు అంటు కట్టి నిలబెట్టుకున్నారు. ఈ రాతినేలలో ఆ పురుగు సరిగ్గా బతకలేదు, అందుకే సొంత వేళ్ల మీదున్న ముసలి తీగలు మోజెల్ లోయలో ఇంకా ఉన్నాయి. ఉంటే చూపించమని ఆసామిని అడుగు, సంబరంగా చూపిస్తాడు.

కోతలో తెగేది ఎడమచేతి వేళ్లే. గుత్తిని కింద నుంచి పట్టుకుని, కత్తెర ఎక్కడుందో చూసుకుని కొయ్యి. బూజు పట్టినవన్నీ చెత్త అనుకోకు. ముడుచుకుపోయి తేనె వాసన వేసే పళ్లతోనే ఖరీదైన తీపి వైన్ చేస్తారు. వెనిగర్ వాసన వస్తే మాత్రం పారెయ్యాలి. ఏది ఏ బకెట్‌లో వెయ్యాలో రోజూ పొద్దున్నే అడుగు, నీ సొంత తెలివి వాడకు.

డబ్బు మాట ముందే తేల్చుకో. మొదటి ఏడాది ఒకాయన మంచానికీ భోజనానికీ అని చివర్లో కూలి డబ్బులో కోత పెట్టాడు, నోరెత్తలేకపోయాను. గంటకెంత, బస ఉచితమా కాదా, రాయించుకో. విద్యార్థి వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులే పని చెయ్యొచ్చు, అదీ చూసుకో.

రాత్రి వైన్ పోస్తారు. మధ్యాహ్నం కూడా పోస్తారు, అది మాత్రం వద్దను. మళ్లీ ఎక్కాలి కదా. సీసా మీద ఆల్కహాల్ 8 శాతం అని ఉంటే సాధారణంగా తియ్యగా ఉంటుంది, చక్కెరంతా ఆల్కహాల్ కాకముందే ఆపేశారని అర్థం. 12 ఉంటే మామిడికాయ కొరికినట్టు పుల్లగా ఉండొచ్చు. పాత సీసా కిరసనాయిలు వాసన వేస్తే కంగారుపడకు. పాడైందనుకుని నేను ఉమ్మేస్తే పక్కనున్న ముసలాయన చాలాసేపు నవ్వాడు. వయసు మీరిన రీజ్లింగ్‌కి ఆ వాసన మామూలే. తియ్యటిది మన కారానికి బాగా కుదురుతుంది, గోంగూర పచ్చడి సీసా ఒకటి పట్టుకెళ్లు. ఈ పేరా అమ్మకు చదివి వినిపించకు.

కోబ్లెంజ్ నుంచి రైలెక్కు. కోఖెం దాటాక 4 కిలోమీటర్లకు పైగా సొరంగం వస్తుంది. పైన నది 20 కిలోమీటర్లకు పైగా చుట్టూ తిరిగి వచ్చే దూరాన్ని రైలు అడ్డంగా దాటేస్తుంది. సొరంగం దాటగానే ఎడిగర్-ఎల్లర్, అక్కడే దిగు.

నా పాత బూట్లు అటక మీద ఉన్నాయి, సైజు 43. సరిపోయేట్టయితే ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. అత్త పులిహోర చేస్తానంది.

మీ మామయ్య