నాన్నగారి యాక్టివాకి పక్క చక్రాలు కట్టించే ముందు

మీరు అడిగింది ఇది: నాన్నగారికి 67 ఏళ్లు, ఎడమ మోకాలు బరువు ఆపడం లేదు, రెండు నెలల్లో రెండుసార్లు బండితో సహా పడ్డారు. యాక్టివాకి వెనకాల సైడ్ వీల్స్ వేయించి మూడు చక్రాల బండిలా చేయిస్తే భయం ఉండదు కదా అని.

ముందు ఆయన్ని ఒక్క మాట అడగండి. పడింది బండి ఆగుతున్నప్పుడా, నడుస్తున్నప్పుడా? సిగ్నల్ దగ్గరో గేటు ముందో ఆగి కాలు కింద పెట్టబోతే మోకాలు మడతపడి పక్కకి ఒరిగిపోయారంటే, సైడ్ వీల్స్ సరిగ్గా ఆ జబ్బుకే మందు. మలుపులో పడ్డా, ఎదురుగా వచ్చిన బండిని ఆలస్యంగా చూసి పడ్డా, కళ్లు తిరిగి పడ్డా వేయించకండి. అలాంటివాళ్లకి ఈ చక్రాలు మేలు చేయకపోగా కీడే చేస్తాయి.

ఎందుకంటే స్కూటర్ మలుపులో ఒరుగుతుంది, ఆ ఒరుగుడే దాన్ని నిలబెడుతుంది. పక్క చక్రాలు పడ్డాక ఇక ఒరగదు. నలభై ఏళ్లు రెండు చక్రాలు నడిపిన చేతికి, నడుముకి ఆ అలవాటు అంత తేలిగ్గా పోదు. ఇక్కడ హ్యాండిల్‌ని మలుపు వైపు గట్టిగా తిప్పాలి, ఒంటిని లోపలికి వంచాలి, అన్నిటికంటే ముందు వేగం తగ్గించాలి. పక్క చక్రాల మధ్య 90 సెంటీమీటర్లు ఉండి, మనిషితో కలిపి బరువు కేంద్రం నేలకి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. లెక్క కడితే 8 మీటర్ల వ్యాసార్ధపు మలుపులో, అంటే మామూలు కాలనీ సందు మలుపులో, గంటకి 20 కిలోమీటర్లు దాటేసరికి లోపలి చక్రం నేల వదిలేస్తుంది. రెండు చక్రాల మీద అదే మలుపు అదే వేగంతో ఆయన ఒరుగుతూ అలవోకగా తీసుకునేవారు. ముందు ఒక్కటే చక్రం ఉన్న ఏ మూడు చక్రాల బండికైనా ఇదే బలహీనత. ఆటోలు తిరగబడేదీ ఇందుకే.

ఇక కిట్ సంగతి. మన దగ్గర దొరికే వాటిలో దాదాపు అన్నీ అసలు వెనక చక్రాన్ని మధ్యలో అలాగే ఉంచి, అటొకటి ఇటొకటి తగిలించేవే. లెక్కపెడితే నాలుగు చక్రాలు, పేరుకే మూడు. వెనక చక్రం తీసేసి రెండు చక్రాల ఇరుసు పెట్టడం గేర్‌లెస్ స్కూటర్‌లో పెద్ద తలనొప్పి. దీంట్లో ఇంజనూ బెల్టూ వెనక చక్రమూ ఒకే ముద్దగా కదులుతాయి. దాన్ని విడదీస్తే చైనూ, మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియలూ కొత్తగా కట్టుకోవాలి. అంత అవసరం లేదు.

కాబట్టి నడిపేదీ, వెనక బ్రేకు పట్టేదీ ఆ మధ్య చక్రమే. మొత్తం కథ దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఓ పెద్దాయన బండి సంగతి చెబుతాను. కొత్తగా కట్టించిన కిట్, స్ప్రింగులు లేకుండా ఇనప చట్రానికి నేరుగా బిగించిన చక్రాలు. రోడ్డు పక్క సిమెంటు కాలువ, దాటితే ఇంటి గేటుకి ర్యాంపు. ఆయన ర్యాంపుని ఏటవాలుగా ఎక్కించారు. ఎడమ చక్రం ర్యాంపు అంచు ఎక్కింది, కుడిది ఇంకా రోడ్డు మీదే ఉంది, మధ్య చక్రం గాల్లో ఆగింది. ఆయన ఇంకాస్త రేజ్ చేశారు. చక్రం గిర్రున తిరిగింది తప్ప బండి కదల్లేదు. బ్రేకు నొక్కారు, వెనక బ్రేకు ఆపాల్సిన చక్రమే నేల మీద లేదు. ముందు బ్రేకు మీద బరువు లేక ముందు టైరు కూడా జారి, బండి వెనక్కి దొర్లుకుంటూ కాలువ అంచు దాకా పోయింది. కాలు పెట్టి ఆపే శక్తి ఉంటే ఆయన ఈ చక్రాలు కట్టించుకునేవారే కాదు కదా.

ఇందులో చోద్యం ఏమీ లేదు. ఒక పక్క చక్రం పది సెంటీమీటర్లు పైకెక్కితే మధ్యలో ఛాసిస్, అంటే బండి అసలు ఫ్రేము, ఐదు సెంటీమీటర్లు లేస్తుంది. వెనక షాక్ అబ్జార్బర్ కిందికి చాచుకోగలిగింది అంతకంటే తక్కువైతే చక్రం గాల్లోనే. పక్క చక్రాలకి దేనికదే విడిగా మెత్తని స్ప్రింగు ఉంటే అవి పైకి నొక్కుకుని మధ్యదాన్ని నేల మీద ఉండనిస్తాయి. కాబట్టి స్ప్రింగులు లేని కిట్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

బిగించే చోట నిలబడి చూసుకోవాల్సినవి చెబుతాను. కిట్ చట్రాన్ని ఛాసిస్ పైపుకి క్లాంపులతో, బోల్టులతో బిగించాలి. ఇంజన్‌కి బిగించారంటే ప్రతి గుంతకీ ఇంజన్‌ని ఛాసిస్‌కి కలిపే హ్యాంగర్ రబ్బరు బుష్‌లు నలుగుతాయి. ఛాసిస్ మీద వెల్డింగు పెడతామంటే వద్దనండి. ఆ వేడికి పైపు పక్కన లోహం బలహీనపడుతుంది, లోపలి వైపు రంగు కాలి తుప్పు మొదలవుతుంది, సన్నని పగులు అక్కడే వస్తుంది. నట్లు నైలాక్‌వి, అంటే వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి అడగండి. మొదటి వంద కిలోమీటర్లు నడిచాక ఒకసారి, ఐదు వందలు నడిచాక ఒకసారి మళ్లీ బిగించాలి, కొత్త చట్రం సర్దుకుంటూ వదులవుతుంది. పక్క చక్రాల ఎత్తు సెట్ చేసేటప్పుడు మొదట టైర్లలో గాలి సరి చూడాలి, తర్వాత సమతలంగా ఉన్న నేల మీద నాన్నగారినే సీటు మీద కూర్చోబెట్టాలి. ఖాళీ బండికి సెట్ చేసి పంపేస్తారు, అక్కడే చెడుతుంది. ఆయన కూర్చున్నప్పుడు పక్క చక్రాలు నేలకి ఆనాలి, కానీ బరువులో ఎక్కువ భాగం మధ్యదాని మీదే ఉండాలి. మరీ పైకి ఉంటే ఆగిన ప్రతిసారీ బండి ఒక పక్కకి వాలుతుంది, మరీ కిందికి దించితే వాన నీటిలో, ఇసకలో మధ్య టైరు జారుతుంది. టెయిల్ ల్యాంపు, నంబర్ ప్లేటు చట్రం వెనక దాగకూడదు. చక్రాల బయటి అంచుకి ఎర్ర రిఫ్లెక్టర్లు అతికించండి. లేకపోతే చీకట్లో వెనకవాడికి మామూలు స్కూటర్‌లా కనిపించి రాసుకుంటూ పోతాడు.

సెంటర్ స్టాండు ఇక పనికిరాదు కాబట్టి మధ్య చక్రం పంచరైతే ఎత్తడానికి చిన్న జాకీ డిక్కీలో ఉండాలి. రివర్స్ గేరు ఈ బండ్లకి ఉండదు, కాళ్లతో వెనక్కి తోయలేని మనిషి ఇంటి ముందు ఇరుక్కుపోతారు. రివర్స్ అమర్చే కిట్లు విడిగా దొరుకుతాయి, మీ నాన్నగారికి కావాలి. కొనే ముందు గేటు వెడల్పు, ర్యాంపు వెడల్పు టేపు పెట్టి కొలవండి. గుంతల్లో కూడా తేడా ఉంటుంది. స్కూటర్‌కి ఒక్క జాడ, దీనికి మూడు జాడలు, ఏదో ఒక చక్రం గుంతలో పడి తీరుతుంది. రోడ్డుకి నీళ్లు పోవడానికి పెట్టే వాలు వంద సెంటీమీటర్లకి రెండున్నర దాకా ఉంటుంది. రోడ్డు ఎడమ అంచున నడిపితే బండి పొద్దస్తమానం ఎడమకి లాగుతూనే ఉంటుంది, అరగంటకి భుజాలు పట్టేస్తాయి. ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రని హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాలనీ పెద్దలు తట్టెడు సిమెంటు కుప్ప పోసి దాన్ని స్పీడ్ బ్రేకర్ అంటారు. మోకాళ్లూ నడుమూ పోయినవాళ్లని ఆ కుప్పలు రోజూ చంపుతున్నాయి.

చట్టం దగ్గర చాలామంది దెబ్బతింటారు. "ఆర్టీఓ అవసరం లేదండీ, ఎవరూ అడగరు" అని కిట్ అమ్మేవాళ్లు చెప్పేది నమ్మకండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 'అడాప్టెడ్ వెహికల్' అనే మాట వచ్చింది, అంతకు ముందు 'ఇన్వాలిడ్ క్యారేజ్' అనేవారు. శారీరక లోపం లేదా వైకల్యం ఉన్న మనిషి కోసం, ఆ మనిషి వాడకానికే మార్చిన బండి అని దాని అర్థం. మార్చిన 14 రోజుల్లో ఆర్‌సీ పట్టుకెళ్లి రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆమోదం వేయించుకోవాలి. లేకపోతే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సులో కూడా ఆ తరగతి చేర్పించాలి, పాత గేర్‌లెస్ లైసెన్సు చాలదు. వయసు పైబడిందన్నది కారణంగా పనికిరాదు, సదరం, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ కావాలి. అరిగిన మోకాలికి అది వస్తుందో రాదో క్యాంపులో ఎముకల డాక్టరు చూసి చెప్పాలి. అందుకే కిట్‌కి అడ్వాన్సు ఇచ్చే ముందు సదరం స్లాటు బుక్ చేయండి. ఆర్‌సీలో మార్పు ఎక్కితే ఇన్సూరెన్సులో ఓన్ డ్యామేజ్ (మీ బండికే జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు అడగొచ్చు. ఎక్కకపోతే ప్రమాదం రోజు కంపెనీకి క్లెయిము తిరస్కరించే సాకు మీరే చేతికిచ్చినట్టు.

సర్టిఫికెట్ వచ్చేలా ఉండి, ఆయన పడింది ఆగినప్పుడే అయితే, అప్పటికే కట్టించుకున్న వాళ్ల బండి ఒక పూట అడిగి తీసుకోండి. ఖాళీ మైదానంలో ఆయన చేతే ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించండి, మొదట పది మీద, తర్వాత పదిహేను మీద. చక్రం లేచినప్పుడు ఆయన కాలు కిందపెట్టబోతే వెంటనే ఆపించండి, కాలు పక్క చక్రం కింద నలుగుతుంది. అరగంట తర్వాత కూడా ఆ కాలు బయటికి వస్తూనే ఉంటే కిట్ మాట మానేసి, బరువు తక్కువ బండి చూడండి. టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 తొంభై కిలోల లోపే ఉంటుంది, యాక్టివా నూట ఐదు దాటుతుంది. ఒరిగే బండిని ఒంటికాలితో ఆపేటప్పుడు ఆ పదిహేను కిలోల తేడా మోకాలికి తెలుస్తుంది.