ఉద్యోగం మానేస్తే ప్రభుత్వ సాయం వస్తుందా? ముందు ఏం రాసిచ్చారో చెప్పండి

విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం మానేశాను, జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కట్టయ్యేది, అర్జెంటుగా ప్రభుత్వ సాయం ఏమైనా దొరుకుతుందా అని అడిగారు. మీరు మానేశారా, మాన్పించారా? కథంతా అక్కడే ఉంది.

నాది 2024 జులై. ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల గోడౌన్‌లో ఆరేళ్లు చేశాను. ఆర్డర్లు పడిపోయాయి, మనుషుల్ని తగ్గిస్తున్నాం అన్నారు. అకౌంటెంటుగారు లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ తెప్పించారు. ఆరేళ్లలో ఆ గదిలో నేను కూర్చున్నది అదే మొదటిసారి. "నువ్వే మానేస్తున్నట్టు రాసిచ్చెయ్ నాన్నా, సెటిల్‌మెంటు తొందరగా అయిపోతుంది, నీకూ గౌరవం" అన్నారు. ఆయన చెబుతుంటే నేను రాశాను: 'వ్యక్తిగత కారణాల వల్ల'. ఆ కారణాలేంటో నాకు ఇప్పటికీ తెలీదు.

ఈఎస్ఐలో ఉద్యోగం పోయినవాళ్లకి భత్యం ఇచ్చే పథకం, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుందని తర్వాత తెలిసింది. 2018లో పెట్టారు. మొదట సగటు జీతంలో పావువంతు ఇచ్చేవాళ్లు, కరోనా టైములో సగం జీతానికి పెంచారు. 90 రోజుల వరకు, అదీ జీవితంలో ఒక్కసారి. కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కట్టే ఉద్యోగంలో ఉండాలి, ఉద్యోగం మన చేతుల్లో లేకుండా పోయి ఉండాలి. నా జీతం 17 వేలు. అంటే మూడు నెలలకి పాతిక వేల పైమాటే. ఈఎస్ఐ ఆఫీసులో ఆయన పాపం మంచాయనే. నా కాగితం రెండుసార్లు చదివి, "మీరే మానేశారు కదండీ" అన్నాడు. నా చేతిరాతే మరి, ఏమంటాను?

సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకి వచ్చింది. సింగ్‌నగర్‌లో మాది కింది వాటా, అద్దె. పరుపు తేలింది, ఫ్రిజ్ పక్కకి ఒరిగింది. బీరువా మీద పెట్టిన ఫైలు ఒక్కటే తడవలేదు. తెరిస్తే అన్నిటికన్నా పైన ఆ రాజీనామా జిరాక్సు!

నీళ్లు తీశాక వరద సాయం కోసం ప్రభుత్వ సర్వేవాళ్లు వచ్చారు. ఆధార్, పాస్‌బుక్కు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఏ అంతస్తు, అంతే. ఉద్యోగం ఉందా, ఎవరు తీశారు అన్న ఊసే లేదు. కింది వాటాకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు. ఈఎస్ఐలో పోయిన పాతిక వేలు బుడమేరు ఇచ్చిందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక రేషన్ కార్డు సంగతి. ఉద్యోగం పోతే కార్డు వచ్చేస్తుందనుకోకండి. పట్నంలో ఇంటి ఆదాయం నెలకి 12 వేలు దాటకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు. మూడు వాటాలకీ కలిపి ఒకే మీటరు ఉంటుంది, మేడ మీద ఓనరుగారు ఏసీ వేసుకుంటారు, కింద మన కార్డు పోతుంది. ఈ మీటర్ల గోల ఎవరికి చెప్పుకోవాలో!

పీఎఫ్ అంటారా, అది మన డబ్బే, సాయమెలా అవుతుంది?

మీరింకా ఏమీ రాసివ్వకపోతే మాత్రం రాయకండి. తీసేస్తున్నట్టు వాళ్లనే కాగితం ఇమ్మనండి. ఇచ్చేదాకా రోజూ టైముకి వెళ్లి హాజరు వేయించుకోండి. టీ ఇస్తే తాగండి, పెన్ను మాత్రం ముట్టుకోకండి.